తలమీద గంప, నడుము దగ్గర రీడరు

మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఎవరో నా నంబరు ఇచ్చారట. "అక్కా, స్టేషన్ల కార్డు రీడర్లు పెట్టినం. జనం వాటి దిక్కు చూస్తనే లేరు. స్టిక్కర్లు ఇంకా పెద్దగ కొట్టిద్దమా?" అని అడిగింది. నేను గట్టిగా నవ్వేశాను. ఆ అమ్మాయికి కోపం వచ్చినట్టుంది. ఫోన్‌లో చెబితే తెమిలేది కాదు, రాసి పంపిస్తానన్నాను. అదే ఇది. ఫీల్డు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీరందరూ చదవచ్చు.

ఇలాంటివి మామూలుగా రిటైరైన పెద్దవాళ్ళు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ ఆ ఉద్యోగం మానేసి చాలా రోజులైంది. అప్పుడప్పుడూ ఏ రైల్వే గేటు దగ్గరో బండి ఆగితే, తడి ఆకుకూరల వాసన వస్తే, ఆ ప్లాట్‌ఫారం మొత్తం కళ్ళముందుకు వస్తుంది.

పుట్టింది, పెరిగింది హైదరాబాద్‌లో. మొదటి పోస్టింగ్ వరంగల్. స్టేషన్ ఏదో రాయను, అక్కడివాళ్ళు ఎలాగూ కనిపెడతారు. మాది ఒక చిన్న కంపెనీ. మూడు నెలల ట్రయల్ కోసం ఆ స్టేషన్లో ఒక కార్డు రీడరు పెట్టింది. పని చాలా తేలిక. నెల పాసు కార్డు ఉన్నవాళ్ళు రైలు దిగి బయటికి వెళ్ళేటప్పుడు, దారి పక్కన స్తంభానికి బిగించిన చిన్న పెట్టె మీద కార్డు తాకించాలి. 'టింగ్' అంటుంది. అంతే. ఎవరి కార్డు తాకిందో నా ఫోన్‌కు వస్తుంది. ఆ పెట్టె జనం కంటపడేలా చెయ్యడమే నా ఉద్యోగం. బూడిదరంగు స్తంభం, దానికి నడుమెత్తులో బూడిదరంగు పెట్టె. మొదటి వారం దాన్ని చూసిందల్లా ఒక కుక్క. అది చూసి ఏం చేసిందో రాయను.

నాతో ఇద్దరు ఉండేవారు. ఒకరు మా టెక్నీషియన్. కాజీపేట మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నేను 'అన్నా' అనేదాన్ని. రెండో ఆయన మా కంపెనీ కాదు. గేటు దగ్గర టికెట్లు చూసే టీసీ. రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. నన్ను ఎగతాళిగా 'మేడం' అనేవాడు, మనసు బాగున్నప్పుడు 'బిడ్డా' అనేవాడు.

నేను మొదట పసుపు స్టిక్కర్లు తెప్పించాను. పసుపు ఎవరికైనా దూరం నుంచే కనబడుతుందని ఎక్కడో చదివాను. బాణాలు, వలయాలు, పెద్ద పెద్ద అక్షరాలు, అన్నీ పసుపే. అంటించడం అయ్యాక చేతులు దులుపుకొని టీసీ గారి దగ్గరికి పోయి, ఎట్లుందని అడిగాను.

"మంచిగుంది మేడం. ఏది?"

"ఏదేంది సార్, పసుపుపచ్చగ కనబడ్తలేదా?"

"గీ స్టేషన్ల పసుపుపచ్చ కానిదేమున్నది? ఊరి పేరు బోర్డు పసుపు, ప్లాట్‌ఫారం అంచు పసుపు, గోడ మీద గీత పసుపు. ఇగో, మా ఇంటామె పులిహోర కట్టిచ్చింది, అది గూడ పసుపే. జర తింటవా?"

నేను తినలేదు. ముఖం మాడ్చుకొని పోయాను. ఆ పులిహోర ఎంత బాగుంటుందో తర్వాత తెలిసింది.

రెండోసారి నేల మీద పాదాల గుర్తులు అంటించాను. రైలు దిగిన చోటు నుంచి రీడర్ దాకా వరసగా తెల్లటి చిన్న పాదాలు. వాటి మీద నడుచుకుంటూ జనం సూటిగా రీడర్ దగ్గరికి వస్తారని నా లెక్క. మరునాడు పొద్దున జనం ఆ పాదాలకు రెండడుగుల దూరం జరిగి, పక్క నుంచి వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా వాటి మీద కాలు పెట్టలేదు. నాకేమీ అర్థం కాలేదు. రోజూ వచ్చే కిరాణా సేటు ఒకాయనను ఆపి అడిగాను.

"సేటూ, గట్ల పక్కకెందుకు పోతాన్రు? దాని మీదికెల్లే నడవాలె."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "కిష్టాష్టమికి మా ఇంట్ల గివే పాదాలు ముగ్గుతోని ఏస్తరు. చిన్న కిష్టయ్య అడుగులు. చెప్పులతోని తొక్కాల్నా? నువ్వేం పిల్లవమ్మా!"

జనాన్ని రీడర్ దగ్గరికి తేవడానికి నేను అంటించినవే జనాన్ని దాని నుంచి దూరం జరిపాయి. మా అన్న ఆ రోజంతా నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం వస్తే ముందు చెవులు వేడెక్కుతాయి. తర్వాత చేతిలో ఫోన్ ఉంటే ఏదో ఒకటి టైప్ చేసి ఎవరికో ఒకరికి పంపేస్తాను. నేను చేసిన తప్పు కూడా అలా చేసిందే.

నెల గడిచింది. ఆఫీసర్లు, విద్యార్థులు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు నెమ్మదిగా అలవాటు పడ్డారు. మెడ వంచి ఫోన్ చూసుకుంటూ నడిచేవాళ్ళే ఎక్కువ తాకించారు. నడుమెత్తులో ఉన్నది వాళ్ళకే కనబడుతుందని అప్పుడు నాకు తట్టలేదు. పదకొండు కార్డులు మాత్రం ఒక్కసారి కూడా 'టింగ్' అనలేదు. ఆ పదకొండు మందీ పొద్దున డోర్నకల్ వైపు నుంచి వచ్చే ప్యాసింజర్లో దిగే ఆడవాళ్ళు. ఊళ్ళ నుంచి ఆకుకూరల గంపలు తెచ్చి ఇక్కడి మార్కెట్లో అమ్ముకునేవాళ్ళు.

ఆ పదకొండు పేర్ల లిస్టు పెట్టి, ఎందుకు తాకించడం లేదో కింద కారణం రాసి పంపమని హైదరాబాద్ నుంచి మేనేజర్ అడిగారు. నేను రూములో మంచం మీద పడుకొని ఫోన్‌లో కెమెరా రికార్డింగు చూశాను. గేటు పైన బిగించిన కెమెరా అది. పైనుంచి చూస్తే గంపలే కనబడతాయి. పాలకూర, తోటకూర, పుంటికూర. ఆకుపచ్చ వాగు ఒకటి రీడర్ పక్క నుంచి పారుతున్నట్టు ఉండేది. ఎవరూ ఆగడం లేదు, చెయ్యి చాపడం లేదు. ఆ రోజే మేనేజర్ నన్ను అందరి ముందూ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తిట్టారు. చెవులు వేడెక్కాయి. టైప్ చేశాను: "రోజూ రీడర్ పక్క నుంచే పోతున్నారు. కావాలనే తాకించడం లేదు." పంపేశాను. తర్వాత బిర్యానీ ఆర్డరు పెట్టుకున్నాను.

ఆ ఒక్క వాక్యం ఏం చేస్తుందో నాకు తెలియకపోలేదు. ట్రయల్ షరతుల్లోనే ఉంది: కావాలని తాకించని వాళ్ళ పాసు వచ్చే నెల మొదటి తారీఖు నుంచి ఆగిపోతుంది. మళ్ళీ తెరిపించుకోవాలంటే కాగితాలు పట్టుకొని, పని మానుకొని, పగటిపూట ఆఫీసు చుట్టూ తిరగాలి.

శనివారం పొద్దున. ప్యాసింజర్ వచ్చింది. నేను గేటు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. తల ఎత్తేసరికి నా చుట్టూ గంపలు. పాసులు ఆగిపోతాయని టీసీ గారు వాళ్ళకు చెప్పాడట. 'నాతోని కాదు, గా ఫోన్ పిల్లను అడుగుండ్రి' అని నా మీదికి పంపాడు. ముందు నిలబడ్డామెకు యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, తల మీద తన కంటే వెడల్పు గంప.

"ఏం పిల్లా, మా పాసులు బందు పెట్టిస్తాన్నవట?"

"నేను కాదమ్మా. మీరు కార్డు తాకిస్తలేరు. గందుకే బందైతయి."

"యాడ తాకియ్యాలె?"

"యాడనా? నెలరోజుల సంది దాని పక్కకెల్లే పోతాన్రు! నేను రోజు ఫోన్ల చూస్తాన్న."

"నువ్వు మమ్ములను చూస్తాన్నవు. మాకు గా పెట్టె కనబడాలె గద."

"గంప దించు, సూపిస్త."

"దించుత. మల్ల ఎవలెత్తాలె? నువ్వెత్తుతవా? రైలు దిగంగనె ఇద్దరు కలిసి ఎత్తితె తల మీదికొచ్చింది, ఇగ మార్కెట్ల దింపుడే. నడుమ దింపుడు ఉండదు." ఆమె గొంతు పెంచలేదు. "బిడ్డా, మెడికల్ షాపు మెట్ల పక్కన పన్నెండేండ్ల సంది కూసుంటాన్న. పాసు లేకపోతె రైలు లేదు. నాలుగు దినాలు నేను రాకుంటె నా జాగల ఇంకొకతె కూసుంటది. తర్వాత నువ్వు పాసు తెరిపిస్తవు, మరి జాగ తెరిపిస్తవా?"

అప్పుడైనా నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు.

"కళ్ళ ముందట ఉన్నది కనబడకపోతే నన్నేం జెయ్యమంటవ్?"

వెనక ఉన్న ఆడవాళ్ళు 'అబ్బో' అన్నారు. ఆమె మాత్రం నా ముఖంలోకి చూసి, "రా, నువ్వెత్తుకో" అంది.

"ఏందీ?"

"గంప. ఎత్తుకొని ఆడికెల్లి ఈడికి నడువు. నీకు గది కనబడ్డదనుకో, నా పాసు నేనే చింపేస్త."

"ఎత్తు పిల్లా ఎత్తు, జీన్స్ ప్యాంటు మాసిపోతదా?" అని వెనక నుంచి ఒకామె.

"మెడ పైలం, ఫోన్ చూసి చూసి ముందే వంగింది" అని ఇంకొకామె.

కోపంలోనే ఒప్పుకున్నాను. నేనే గెలుస్తానని ఎంత నమ్మకమంటే, సాక్ష్యానికి ఫోన్‌లో వీడియో ఆన్ చేసి ఒక చేత్తో ఎదురుగా పట్టుకున్నాను. బట్టను గుండ్రంగా చుట్టి నా నెత్తిన పెట్టారు. ఇద్దరు కలిసి గంప ఎత్తి దాని మీద పెట్టారు.

మెడ లోపలికి దిగిపోయినట్టు అనిపించింది. ఆకుకూరలు వాడిపోకుండా తడిపిన గోనె సంచి కప్పుతారు. ఆ నీళ్ళు చెవి పక్క నుంచి మెడ మీదికి, వీపులోకి కారాయి. ఒక అడుగు వేశాను. గంప ఎడమకు ఒరిగింది, చెయ్యి పెట్టి ఆపాను. తల ఇటు అటు తిప్పితే మొత్తం పడిపోయేలా ఉంది. వంచడం సంగతి చెప్పనక్కరలేదు. కళ్ళు ఎంత కిందికి దించినా నా ముక్కు, ఫోన్ పట్టుకున్న చేతి వేళ్ళు, అంతే. ఎదురుగా మాత్రం అన్నీ కనబడుతున్నాయి. గేటు బయటి వెలుగు, ముందు నడిచేవాళ్ళ తలలు, స్తంభాల పైభాగాలు, వాటి మీద పాత పోస్టర్ల జిగురు మరకలు. నేను అంటించిన బాణాలు, వలయాలు, ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ స్టేషన్లో నేను నెలరోజులుగా చేసిన పని ఏదీ, గంప ఎత్తుకున్న మనిషి ఉండే లోకంలో లేదు.

"మేడం! కార్డు!" అని టీసీ గారు అరిచాడు.

అప్పటికే రీడర్ దాటి నాలుగడుగులు పోయాను. కంగారులో గిర్రున తిరిగాను. గంప ఒకవైపు, నేను ఒకవైపు. మా అన్న పరుగెత్తుకొచ్చి గంప పట్టుకున్నాడు. ఫోన్‌ను ఎవరూ పట్టుకోలేదు. అద్దం పగిలింది. చుట్టూ ఒకటే నవ్వులు.

ఆమె మాత్రం నవ్వలేదు. పుంటికూర కట్టలు రెండు కింద పడితే ఏరి గంపలో సర్దుకుంది. "బరువుగుందా బిడ్డా?" అని మాత్రం అడిగింది. మిగతావాళ్ళు ఆమె తల మీదికి గంప ఎత్తారు. మార్కెట్‌కు ఆలస్యమైందని అందరూ గబగబా వెళ్ళిపోయారు.

పగిలిన ఫోన్‌తోనే మేనేజర్‌కు చేశాను.

"సార్, ఆ లిస్టు వాపస్ తీసుకోవాలె. నేను తప్పు రాసిన."

"లిస్టు పైకి, రైల్వేవాళ్ళకు పోయింది. ఇప్పుడు వాపస్ తీసుకుంటే మన డిజైన్ తప్పని మనమే రాసిచ్చినట్టు."

"మన డిజైన్ తప్పే సార్."

"మన డిజైన్ కాదమ్మా. నీ డిజైన్."

నా చెవులు వేడెక్కాయి. కానీ ఆ రోజు కోపం చెయ్యాల్సిన పని చేసింది. "సరే సార్. నా డిజైనే. నా పేరు మీదనే రాస్త" అన్నాను. రాశాను. చూడకుండా రాశానని, వాళ్ళకు కనబడే అవకాశమే లేదని, కావాలంటే వీడియో చూడమని. వీడియోలో ముప్పావు వంతు స్తంభాల పైభాగాలు, చివర నా అరుపు, స్టేషన్ పైకప్పు. రీడర్ ఎక్కడా లేదు. మూడు రోజులు ఎవరూ బదులివ్వలేదు. నాలుగో రోజు రెండు వారాల గడువు వచ్చింది. ఈలోపు ఆ పదకొండు కార్డులు పలకాలి. లేకపోతే పాసులు ఆగిపోతాయి, నేను కూడా మూటాముల్లె సర్దుకోవాలి.

ఆ రెండు వారాలే నా ఉద్యోగ జీవితంలో మంచి రోజులని ఇప్పుడు అనిపిస్తుంది. నేల మీది పాదాలను గీకి గీకి తీసేశాను. సేటు చూసి, "ఇప్పుడు పుణ్యమొస్తది" అన్నాడు. మార్కెట్‌కు పోయి, మెడికల్ షాపు మెట్ల పక్కన కూర్చున్న ఆమెను ఒక పాత గంప అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చింది. రైళ్ళు లేని వేళ అందులో తడి గోనె సంచులు నింపి ఎత్తుకొని నడిచేదాన్ని. నా చూపు స్తంభానికి ఎక్కడ తగులుతుందో చెబితే అన్న సుద్దముక్కతో అక్కడ గీత గీసేవాడు. అన్ని గీతలూ మనిషి తల కంటే పైనే పడ్డాయి. మేము నెలరోజులు అలంకరించింది నడుము దగ్గర.

"పెట్టెను పైన పెడదామా?" అన్నాను.

"పైన పెడ్తె చెయ్యెట్ల లేపుతరు మేడం? ఒక చెయ్యి గంపకు, ఇంకో చేతుల సంచి. కార్డేమో నడుముకు చెక్కిన గుడ్డసంచిల ఉంటది." అన్న కాసేపు ఆలోచించి, తన కార్డును ఒక గుడ్డసంచిలో వేసి నడుములో దోపుకున్నాడు. స్తంభం పక్క నుంచి నడుస్తూ నడుమును అలా పెట్టెకు రాశాడు. టింగ్. చిల్లర ఒక అరలో, కార్డు బయటి అరలో ఉంటే చాలు, గుడ్డలోంచి కూడా పలుకుతుంది. పెట్టె ఉన్న ఎత్తు సరిగ్గా సరిపోయింది. దాన్ని అక్కడే ఉంచి, స్తంభం మొత్తానికి పైనుంచి కిందిదాకా ఒకే రంగు వెయ్యాలి. దూరం నుంచి స్తంభం కనబడితే, పక్క నుంచి పోతూ నడుము తాకిస్తే అయిపోతుంది.

రంగు దగ్గర మళ్ళీ పంచాయితీ. ఎరుపు వద్దన్నాడు టీసీ గారు, "ఎర్రది చూస్తె జనం ఆగుతరు, నడవరు" అని. పసుపు మాట నేను ఎత్తలేదు. "మా ఇంటి గేటుకు కొట్టంగ మిగిలిన రంగున్నది, పాలపిట్ట రంగు" అన్నాడు అన్న. "దసరా నాడు ఊరంత తలకాయలు పైకెత్తి దాన్నే గద ఎతికేది. గా నీలం కన్ను దాటిపోదు." రంగు వెయ్యడానికి అనుమతి కోసం టీసీ గారే నాలుగు గదులు తిరిగి కాగితం తెచ్చాడు. మధ్యాహ్నం ముగ్గురం ఆ స్తంభం కింద కూర్చొని పులిహోర తిన్నాం. అన్న చేతికున్న నీలం రంగు పులిహోరకు అంటుకుంది. ఆయన ఫికర్ చెయ్యలేదు, తినేశాడు.

సాయంత్రం మార్కెట్‌కు పోయి వాళ్ళకు చెప్పాను. నీలం స్తంభం చూసి రావాలని, నడుము తాకించాలని. "గీ వయసుల నడుము ఊపాల్నా?" అని ఒకామె లేచి ఊపి చూపించింది. మార్కెట్ మార్కెట్ అంతా ఈలలు. మెడికల్ షాపు మెట్ల దగ్గర ఆమె మాత్రం గుడ్డసంచి తీసి, కార్డును బయటి అరలోకి మార్చి, మళ్ళీ నడుముకు చెక్కుకుంది. "చూద్దాం" అంది.

రంగు ఆరిన మరునాడు పొద్దున నేను అందరికంటే ముందే వచ్చాను. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ప్యాసింజర్ ఇరవై నిమిషాలు లేటు. గడువులో అప్పటికి మూడు రోజులే మిగిలాయి. రంగు పనిచెయ్యకపోతే ఇంకో రంగు వెయ్యడానికి కూడా టైము లేదు. రైలు ఆగింది. గంపలు దిగుతున్నాయి, ఒకరికొకరు ఎత్తుకుంటున్నారు. నేను స్తంభానికి ఆనుకొని, పాప్‌అప్ ఎప్పుడొస్తుందా అని ఫోన్‌లోకి చూస్తూ నిలబడ్డాను. ఆఫీసుకు పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వెళ్ళారు. ఫోన్ మామూలుగా పలికింది. గంపల వరస దగ్గరికి వచ్చింది. ముందు ఆమే. పది అడుగుల దూరంలో ఆమె నడక ఆగింది. వెనకవాళ్ళు కూడా ఆగిపోయారు. అయిపోయింది, కనబడలేదు అనుకున్నాను.

"ఓ పిల్లా!" అని ఆమె అరిచింది. "నువ్వు జరుగు ముందు. స్తంభం కనబడ్తలేదు!"

నేను ఒక్క గెంతులో పక్కకు దూకాను. ఆమె నా వైపు కూడా చూడలేదు. చూపు సూటిగా పెట్టి, గంప మీది చెయ్యి తియ్యకుండా, నడక తగ్గించకుండా, నడుమును అలా ఒకసారి పెట్టెకు రాసి, గేటు దాటి మార్కెట్ వైపు వెళ్ళిపోయింది.

టింగ్.

వెనక నుంచి పది.